ముఖం చూడని సాక్షి

"తల కదపకు. కదిపావంటే మళ్ళీ మొదటినించీ పెట్టిస్తాను," అన్నాడు పోలీసు మేజర్ షుహ్దీ.

హాగర్ గడ్డం చెక్క మీద పెట్టి, నుదురు పట్టీకి ఆనించి కూర్చుంది. ఎదురుగా తెర మీద చిన్న నల్ల చుక్క. అది తొమ్మిది చోట్లకి గెంతుతుంది, ఆమె కళ్ళు దాని వెనకే గెంతాలి. అదయ్యాక బొమ్మలు. కంటిపాప ఎటు తిరిగితే తెర కింది కెమెరా బొమ్మ మీద అక్కడ ఓ ఎర్రచుక్క పెడుతుంది. రెండేళ్ళుగా ఊళ్ళో జనాన్ని ఈ కుర్చీలో కూర్చోబెట్టి కొలిచిన పిల్లే ఆమె. తను కూర్చోవడం ఇది మూడోసారి. ఏడుస్తూ కూర్చోవడం మాత్రం ఇదే మొదలు.

గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. రెండింటికి గిర్గిస్‌ని ప్రాసిక్యూటర్ ముందు నిలబెడతారు. విషం పెట్టి చంపిన కేసు, పైగా సంతకం పెట్టిన వాంగ్మూలం. ఆ గుమ్మం దాటాడంటే ఇక ఉరికంబమే. అరవై రెండేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఈ భవనంలో ప్రతివాడికీ టీ అందించిన మనిషి. అతని మెడకి తాడు పేనింది ఈ పిల్ల నోటిమాట ఒక్కటే.

జరిగింది ఇంతే. నిన్న బుధవారం పదీ నలభైకి, హాగర్‌కి పని నేర్పే డాక్టర్ శహీరా ఇదే చీకటిగదిలో, తలుపుకి వీపు పెట్టి, తెర చూస్తూ పనిచేసుకుంటోంది. రోజూ ఆ వేళకి గిర్గిస్ పుదీనా టీ తెచ్చి ఆవిడ మోచేతి పక్కన పెట్టి పోతాడు. ఆవిడ తలైనా తిప్పదు. నిన్నా టీ వచ్చింది. పదకొండూ అయిదుకి చూస్తే ఆవిడ తల కీబోర్డు మీద వాలి ఉంది. గ్లాసులో సగం టీ, ఆ టీలో విషం. ఈ గదికి రావాలంటే వరండా చివర టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళని దాటి రావాలి. నిన్న అక్కడున్నది హాగర్. "గిర్గిస్ బాబాయే ట్రే తీసుకెళ్ళాడు, నా కళ్ళతో చూశాను" అని రాసిచ్చింది. గిర్గిస్ మాట వేరు. ట్రే సర్ది, వెనక మెట్ల మీద సిగరెట్టు కాల్చుకుని వచ్చేసరికి ట్రే లేదన్నాడు. ఆ మాట నమ్మినవాడు లేడు.

"మొదలుపెట్టండి," అన్నాడు షుహ్దీ.

పక్కన కాలు మీద కాలు వేసుకున్న డాక్టర్ సర్వత్ మీట నొక్కాడు. ఈ ప్రయోగశాలకి పెద్ద ఆయనే. యాభై దాటినవాడు, గొంతు పెంచి మాట్లాడని మనిషి.

తెర మీద పెళ్ళి ఫోటో వచ్చింది. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, వెనక నలభై మంది నవ్వు ముఖాలు. హాగర్ ఎర్రచుక్క పెళ్ళికూతురు చేతిలోని పూలగుత్తి మీద పడింది. అక్కణ్ణించి ఉంగరం తొడుగుతున్న వేళ్ళ మీదికి పోయింది. తర్వాత చేపలబజారు వచ్చింది. కత్తి పట్టిన చెయ్యి మీదికి పోయింది చుక్క. ఆ తర్వాత కాఫీ హోటల్లో ముసలాళ్ళు పాచికలాడుతున్న బొమ్మ. పాచికలు విసిరిన చెయ్యి. ఇరవై బొమ్మలయ్యాయి. ముఖాల మీద ఆమె కన్ను ఒకటి రెండుసార్లు వాలింది, అదీ దారి తప్పినట్టు.

"మనుషులంతా ఒకేలా చూస్తారనుకుంటాం," అన్నాడు సర్వత్, పాఠం చెప్పే గొంతుతో. "ఒకే బొమ్మ పదిమందికి చూపించండి. ఒకరి కన్ను ముఖం మీదికి పోతుంది, ఒకరిది బోర్డు మీది రాత మీదికి, ఒకరిది తిండి మీదికి. ఏడాది పోయాక చూపించినా అంతే. నూట పద్దెనిమిది మందిని కొలిచాను నేను."

"వింటున్నాను," అన్నాడు షుహ్దీ. జేబులోంచి ఓ ఫోటో తీసి సర్వత్ చేతికిచ్చాడు. "ఇది కూడా పెట్టండి."

సర్వత్ దాన్ని చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. తెర మీద పెట్టాడు. నిన్న పోలీసులు తీసిన ఫోటో అది. శహీరా తల కీబోర్డు మీద పక్కకి వాలి, కళ్ళు తెరుచుకుని, నోట్లోంచి నురగ.

హాగర్ గడ్డం చెక్క మీదినించి తీసేసింది. లేవబోయింది. షుహ్దీ ఆమె తల వెనక చెయ్యి పెట్టి మళ్ళీ చెక్కకి ఆనించాడు. నాలుగు సెకన్లు అలాగే పట్టుకున్నాడు. తను చేస్తున్నది పాడుపని అని అతనికి తెలుసు. తెలిసే చేశాడు.

"చూశావా మీ మేడమ్ ముఖం?"

"చూశాను పాషా," అంది హాగర్. పోలీసు ఆఫీసర్లని అక్కడ అలాగే పిలుస్తారు.

"అబద్ధం. ఇటు చూడు, నీ చుక్కలు. మొదట కీబోర్డు మీద చెయ్యి. తర్వాత గ్లాసు. తర్వాత ఉంగరం. మళ్ళీ చెయ్యి. రెండేళ్ళు నీకు చదువు చెప్పిన మనిషి చచ్చి పడుంటే ఆవిడ ముఖం వైపు నీ కన్ను పోలేదు. నిన్న వరండాలో నడిచిపోతున్నవాడి ముఖం చూశావా నువ్వు?"

హాగర్ వెక్కింది. "కావాలని చెయ్యలేదు పాషా. నా కళ్ళు అలాగే పోతాయి. చిన్నప్పుడు మా అమ్మ కొట్టేది, మాట్లాడేటప్పుడు ముఖం చూడవేమే అని."

"అలా పుట్టడం నీ తప్పు కాదు. చూడనిదాన్ని చూశాననడం తప్పు. ట్రే వచ్చింది, టీవాడు తొడుక్కునే నీలం కోటు వచ్చింది. మిగతా గిర్గిస్‌ని నీ బుర్రే అతికించుకుంది. ఆ అతుకు మీద ఒక ముసలాడు వేలాడబోతున్నాడు. అది గుర్తుపెట్టుకుని ఏడు."

తలుపు దగ్గర చప్పట్లు వినిపించాయి. "బాగుంది మేజర్ గారూ. సినిమాహాలు పెట్టారని చెప్పలేదేం? మాకూ ఓ టికెట్టు పారేసేవారుగా," అంటూ కెప్టెన్ లుత్ఫీ లోపలికొచ్చాడు. అతని వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. టైము పన్నెండూ ఇరవై.

లుత్ఫీ అంటే షుహ్దీకి ఒళ్ళుమంట. ఏ కేసైనా మూడు రోజుల్లో తేలుస్తాడని పైవాళ్ళ దగ్గర పేరు. తేల్చడం అంటే ఏమిటో లాకప్పులో గోడల్ని అడగాలి.

"ముసలాడు రాత్రి పదింటికే ఒప్పుకున్నాడండి," అన్నాడు లుత్ఫీ. "మేడమ్ గారు టీ బాగాలేదని అందరి ముందూ కసిరిందట. మనసులో పెట్టుకున్నాడు. మీరెందుకు ఈ చిన్నపిల్లని ఏడిపిస్తారు?"

"టీ బాగాలేదన్నందుకు చంపేవాళ్ళయితే మా ఆవిడ నన్ను పెళ్ళైన వారానికే చంపాలి. నీ చేతిలో రాత్రంతా ఉంటే వాళ్ళ తాతని కూడా తనే చంపానంటాడు."

"అది నా పనితనం. మీకు చేతకాలేదని కుళ్ళుకుంటే నేనేం చెయ్యను?"

"కుళ్ళు సంగతి తర్వాత. ఇంకా గంటన్నర టైముంది. అందరూ వరండాలోకి నడవండి."

వరండా పొడుగ్గా, మూడడుగుల వెడల్పుతో ఉంది. వంటగది ఆ కొసన, హాగర్ టేబుల్ ఈ కొసన, టేబుల్ పక్కనే చీకటిగది తలుపు. షుహ్దీ వెళ్ళి హాగర్ కుర్చీలో కూలబడ్డాడు. ఒక కానిస్టేబుల్ చేత ట్రే మోయించాడు, రోజూ గిర్గిస్ మోసినట్టు, కుడి అరచేతి మీద, భుజం ఎత్తున. వాడు వంటగదినించి నడిచి వచ్చాడు. పద్నాలుగు అంగలు, తొమ్మిది సెకన్లు. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఎదురుగా వచ్చేది ట్రే అడుగు, వెనక్కి వంచిన అరచెయ్యి, దాని కింద మణికట్టు లోపలివైపు. ముఖం ట్రే వెనకే ఉంది. కావాలని పక్కకి వంగి చూస్తే తప్ప కనబడదు. షుహ్దీ మూడుసార్లు నడిపించాడు.

"మా వాణ్ణి హోటల్లో పనికి పెడతారా ఏంటి?" అన్నాడు లుత్ఫీ.

షుహ్దీ వినిపించుకోలేదు. గోడకి అంటించిన డ్యూటీ చీటీ పీకి సర్వత్ ముఖం ముందు పెట్టాడు.

"బుధవారం ఇక్కడ కూర్చోవలసింది మిర్వత్ అనే పిల్ల. మంగళవారం సాయంత్రం ఏడూ పదిహేనుకి ఆ పేరు తీసేసి హాగర్ అని రాసి కొత్త చీటీ అంటించారు. మిర్వత్‌కి ఫోన్ చేసి రావద్దన్నారు. మా సార్జంట్ ఆ పిల్ల ఇంటికి వెళ్ళి వాంగ్మూలం రాసుకుంటున్నాడు. మార్చింది ఎవరు డాక్టర్?"

"నేనే. మార్చకూడదా?"

"దానికి పది నిమిషాల ముందు, ఏడూ అయిదుకి, నూట పద్దెనిమిది మంది చూపుల లెక్కలున్న పట్టీ కంప్యూటర్లో ఎవరో తెరిచారు. ఆ పట్టీ ఎప్పుడూ నంబర్ల వరసలో ఉంటుందట, ఈ పిల్లే చెప్పింది. పొద్దున నేను తెరిస్తే ముఖాల గడిని బట్టి పేర్చి ఉంది. ముఖాలు అందరికన్నా తక్కువ చూసేవాళ్ళు పైన. పై వరసలో నలభై మూడో నంబరు. అంటే ఈ పిల్ల. నూటికి ముప్ఫైసార్లు మనుషుల కన్ను ముఖం మీద వాలితే ఈమెది ఆరుసార్లు. నువ్వు చూసుకుని, మూసేటప్పుడు ఆ వరసలోనే సేవ్ చేసి వదిలేశావు. ఊళ్ళో ఇంతమంది ఉండగా, తన ముందునించి ఎవడు పోయినా వాడి ముఖం చూడని సాక్షిని ఏరి తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టావు. తర్వాత నీలం కోటు తొడుక్కున్నావు."

హాగర్ గబుక్కున సర్వత్ వైపు తిరిగింది. ఆ లోటు తనకుందని ఆమెకి చెప్పింది ఆయనే. తప్పేం లేదమ్మా, అందరూ ఒకలా ఉండరు అని, తండ్రిలా చెప్పాడు.

సర్వత్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనెందుకు చంపుతాను శహీరాని?"

"ఆవిడ రాసిన ఉత్తరం దొరికింది. ఈరోజు గురువారం కదా, ఈరోజే పైకి పంపాలనుకుంది. ఏడాది తర్వాత మళ్ళీ కొలిచానని నువ్వు చెప్పిన అరవై మందిలో నలభై మంది రెండోసారి ఈ గుమ్మమే తొక్కలేదు. పాత లెక్కల్నే అటూ ఇటూ సవరించి కొత్తవని అచ్చేయించావు. నీ పరువు బజారున పడబోయింది."

"ఉత్తరం ఎవరైనా రాయొచ్చు. నా పట్టీ నేను నా ఇష్టమొచ్చినట్టు పేర్చుకుంటాను. డ్యూటీ కూడా నేనే వేస్తాను. అందులో నేరమేముంది?" సర్వత్ గొంతు ఇంకా అలాగే మెత్తగా ఉంది. "పోనీ, పొద్దుట్నించీ మీరు కష్టపడి తేల్చిందేమిటి? ఈ అమ్మాయి ముఖాలు చూడదని. సరే. గిర్గిస్‌ని చూళ్ళేదు. నన్నూ చూళ్ళేదు. కోర్టులో ఈవిడ చేత ఏం చెప్పిస్తారు? ఉన్న ఒక్క సాక్షినీ మీ చేతుల్తోనే చంపుకున్నారు."

లుత్ఫీ పకపకా నవ్వాడు. "తను తీసిన గోతిలో తనే."

"కళ్ళు ఖాళీగా కూర్చోవు డాక్టర్," అన్నాడు షుహ్దీ. "ముఖం మీద పడకపోతే ఇంకోచోట పడి తీరాలి. నువ్వు ఒక్క గడి చూసి పిల్లని ఎంచుకున్నావు, పక్క గడి చదవలేదు. చేతులూ, చేతులు పట్టుకున్న వస్తువులూ. అందులో మీ నూట పద్దెనిమిది మందిలో ఇంకెవరూ నూటికి ముప్ఫై దాటలేదు. ఈ పిల్లది నలభై ఒకటి. ఇంత చదువుకున్నావు, ఆ మాత్రం తోచలేదా నీకు?"

సర్వత్ కంగారు పడతాడనుకున్నాడు షుహ్దీ. ఆయన కంగారు పడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, పరీక్షలో ఆలస్యంగా జవాబు రాసిన కుర్రాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ చూపు షుహ్దీకి నచ్చలేదు. కానీ గడియారం ఒంటిగంట దాటింది, ఆగి ఆలోచించే వ్యవధి లేదు.

"హాగర్, ఇలా వచ్చి నీ కుర్చీలో కూర్చో. కళ్ళు మూసుకో. ముఖం జోలికి పోకు. నిన్న ట్రే మోసిన చెయ్యి ఎలా ఉందో చెప్పు."

ఆమె కళ్ళు మూసుకుంది. ఒకసారి ముక్కు ఎగబీల్చింది. తర్వాత మాట కుదురుకుంది. ముఖం అడిగినప్పుడు తడబడిన పిల్ల, చెయ్యి అనేసరికి ఎదురుగా పెట్టుకుని చదువుతున్నట్టు చెప్పింది.

"కుడి చెయ్యి. అరచేతి మీద ట్రే. బొటనవేలు ట్రే అంచు మీదికి వచ్చి నొక్కి పట్టుకుంది, పడిపోతుందని భయపడేవాళ్ళు పట్టుకున్నట్టు. బాబాయి అలా పట్టుకోడు, అంచు ముట్టుకోడు. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. కోటు చెయ్యి పొట్టి. మోచేతి వైపు జారిపోయింది. మణికట్టు తెల్లగా ఉంది, ఏమీ..." ఆగిపోయింది. కళ్ళు తెరిచింది. "ఏమీ లేదు పాషా."

"ఏం ఉండాలి?"

"శిలువ. పచ్చబొట్టు. వాళ్ళ క్రైస్తవుల ఇళ్ళల్లో పసిపిల్లలప్పుడే కుడి మణికట్టు మీద పొడిపిస్తారు కదా. బాబాయిది పాతదై అలుక్కుపోయి నీలంగా ఉంటుంది, ఒక కొమ్ము వంకర. రోజూ టీ పెట్టేటప్పుడు చూస్తాను. నిన్న ఆ చేతికి లేదు. అది బాబాయి చెయ్యి కాదు పాషా. నేను... నేనేం చేశాను?"

"నిన్నెందుకు చెప్పలేదు ఈ మాట?"

"ఎవరూ అడగలేదు. కెప్టెన్ గారు బాబాయి ఫోటో చూపించి, ఇతనేనా అన్నారు. ట్రే తెచ్చేది ఇతనే కదా, అవునన్నాను."

షుహ్దీ లుత్ఫీ వైపు తిరిగాడు. ఆనందం ఆపుకోవడం అతనికి చేతకాలేదు, ఆపుకోలేదు కూడా. "గిర్గిస్‌ని రప్పించు. కుడి చెయ్యి చూద్దాం. చూసి, ఈ పిల్ల వాంగ్మూలం తిరగరాసి, నేనే తీసుకెళ్తాను ప్రాసిక్యూటర్ దగ్గరికి."

"దానికేం భాగ్యం? కింద వ్యాన్‌లోనే ఉన్నాడు," అన్నాడు లుత్ఫీ. అతనూ కంగారు పడలేదు.

అందరూ మళ్ళీ చీకటిగదిలోకి వచ్చారు. ఒంటిగంటా ఇరవైకి కానిస్టేబుళ్ళు గిర్గిస్‌ని తీసుకొచ్చారు. నిన్నటికీ ఇవ్వాళ్టికీ పదేళ్ళు మీద పడ్డాయి అతనికి. గడప దగ్గర చెప్పులు విడిచాడు, ముప్ఫై ఏళ్ళ అలవాటు. హాగర్‌ని చూసి, "భోంచేశావా అమ్మా?" అన్నాడు. ఆ పిల్ల రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది.

కుడి చేతికి కట్టు కట్టి ఉంది.

"ఏమిటిది?" అన్నాడు షుహ్దీ.

"టీ కాచేవాడు కదండీ," అన్నాడు లుత్ఫీ. "వేడినీళ్ళు ఒలికాయట."

"లాకప్పులో టీ కాస్తున్నాడా నీకు?"

షుహ్దీ కట్టు తనే విప్పాడు. చివరి చుట్టు మాంసానికి అంటుకుపోయింది. గిర్గిస్ మూలగలేదు, పళ్ళు బిగించి పక్కకి చూశాడు. వేళ్ళు బాగానే ఉన్నాయి. అరచెయ్యి బాగానే ఉంది. మోచేతిదాకా ఎక్కడా ఒక్క బొబ్బ లేదు. మణికట్టు లోపలివైపు మాత్రం, అరవై ఏళ్ళుగా శిలువ ఉన్న చోట, ఖర్జూరపుపండంత మేర చర్మం లేదు. ఎర్రగా, తడిగా, అడుగుదాకా కాలి ఉంది.

షుహ్దీ ఆ చెయ్యి వదల్లేదు. ఇందాకటి ఆనందం అంతా దిగిపోయింది. "ఎప్పుడు జరిగింది గిర్గిస్? భయపడకు. నాతో చెప్పు."

గిర్గిస్ లుత్ఫీ వైపు చూశాడు. తర్వాత నేల చూశాడు. "రాత్రి పాషా. ఇస్త్రీపెట్టె కొసతో."

"ఒప్పుకోమనా?"

"కాదు పాషా. అప్పటికే అన్నిటికీ ఊఁ అనేశాను. సంతకం కూడా పెట్టేశాను. ఇక కొట్టరనుకున్నాను. అప్పుడు ఈ అయ్యగారికి ఏదో ఫోనొచ్చింది. లోపలికొచ్చి, ట్రే ఏ చేత్తో మోస్తావురా అని అడిగారు. కుడిచేత్తో అన్నాను."

ట్రే మోసే చెయ్యి సంగతి షుహ్దీకి తట్టిందే ఈ మధ్యాహ్నం. హాగర్ నోట వచ్చి ఇంకా అరగంట కాలేదు. నిన్న రాత్రి ఆ మాట తెలిసినవాడు ఒక్కడే ఉండాలి, పక్క గడి కూడా చదివినవాడు. సర్వత్ చదివాడు. చంపడానికి ముందు చదవలేదు, చంపిన రాత్రి చదివి ఫోన్ చేశాడు.

సర్వత్ ముందుకి వంగి ఆ పుండుని శ్రద్ధగా చూశాడు. శిష్యుడు కొలత తప్పు తీసినప్పుడు విసుక్కున్నట్టు విసుక్కున్నాడు. ఇంతసేపట్లో లుత్ఫీతో ఆయన నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

"అక్కడొక్కచోటే కాలిస్తే ఎవడికైనా తెలిసిపోతుంది. చెయ్యంతా కాల్చమన్నాను కదా బావా," అన్నాడు.

లుత్ఫీ తన ఇద్దరు కానిస్టేబుళ్ళకీ సైగ చేశాడు. వాళ్ళు తలుపు వేసి, గడియ పెట్టి, లోపలివైపే షుహ్దీకి అడ్డంగా నిలబడ్డారు.